ఎత్తని చెయ్యి

సభలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు. పదహారేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుని వచ్చిన మనిషి చట్టాలేం చేస్తుందని వాళ్ళ ఎగతాళి. ఆమె ఆ పేరును కింద పడనివ్వకుండా అందుకుని, "మిషనమ్మనే బాబూ, మీ చట్టాల్లో కుట్లు ఊడిన చోట్లు ముందు నాకే కనబడతాయి" అనేసరికి, ఎగతాళి కాస్తా పేరైపోయింది. రెండోసారి గెలిచాక ఇంట్లో పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఆ గురువారం ఓటుకు రాబోతున్నది సంఘం బిల్లు. పనిచేసే చోట కార్మిక సంఘం కావాలని సగం మందికి పైగా సంతకాలు పెడితే, యజమాని ఆ సంఘాన్ని ఒప్పుకుని తీరాలి. సంతకం పెట్టినందుకు ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. బిల్లంతా చదవడానికి పావుగంట పట్టదు, సభ దాకా రావడానికి మాత్రం ముప్ఫై ఏళ్ళు పట్టింది. రెండుసార్లు కమిటీలోనే నిద్రపోయింది. ఒకసారి సభ దాకా వచ్చింది గానీ, ఓటు నాటికి సగం మంది సభ్యులకు ఒకేసారి జ్వరాలు వచ్చాయి. చట్టసభలో జ్వరాలకు ఎండాకాలం, వానాకాలం అనే తేడా లేదు.

ఓటు వేసే పద్ధతి చాలా పాతది. మీటలు నొక్కడాలు, దీపాలు వెలగడాలు అక్కడ లేవు. గుమస్తా లేచి కుర్చీ నంబర్లు చదువుతాడు. నంబరు పిలవగానే లేచి నిలబడి "అవును" అనో "కాదు" అనో గట్టిగా చెప్పాలి. పలకని నంబర్లను రెండోసారి పిలుస్తారు, మూడోసారి పిలుస్తారు. అప్పటికీ పలక్కపోతే ఓటు వేయలేదని రాసుకుంటారు. మిషనమ్మ కుర్చీ నలభై ఏడు.

ఆ నంబరుకు లేచి ఒకే ఒక్క మాట అనాలని ఆమె ఎంత కాలంగా ఎదురుచూస్తోందో చెప్పాలంటే, ఇరవై ఆరేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో ఆమె యూనిఫారం చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పక్క మిషను మీద కాజాలు వేసే ఆవిడను అందరూ కాజాలక్క అనేవాళ్ళు. పని నేర్పింది ఆవిడే. సూది వేలిలో దిగినప్పుడు వేలు నోట్లో పెట్టుకుని ఏడుస్తుంటే, "ఏడిస్తే ఏడువు గానీ, రక్తం కాలరు మీద పడనీయకు" అని చెప్పి, తన వాటా పని ఆపి కట్టు కట్టింది కూడా ఆవిడే. ఆ గదిలో మిషన్లకు రేకు బిళ్ళల మీద నంబర్లుండేవి. సూపర్‌వైజరు మనుషుల పేర్లు నేర్చుకునే శ్రమ పడేవాడు కాదు. గది చివర నిలబడి "పదిహేడూ!" అని అరిస్తే, పదిహేడో మిషను మీదున్న మనిషి తల తిప్పకుండా చెయ్యెత్తాలి. మిషనమ్మది పదిహేడు, కాజాలక్కది పద్దెనిమిది. రోజుకు ఇరవైసార్లయినా లేచేవి ఆ చేతులు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల గదిలో, సంఘం పెట్టుకుందామని తిరుగుతున్న ఒకావిడ బల్ల మీదకెక్కి, కావాలనుకునేవాళ్ళు చేతులెత్తండని అడిగింది. మంచినీళ్ళ కుళాయి పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు. అతను వద్దనలేదు, బెదిరించలేదు. మొహాలు చూస్తూ నిలబడ్డాడు, అంతే. కాజాలక్క చెయ్యి అందరికంటే ముందు లేచింది. లేచాక ఆవిడ పక్కకు చూసింది. మిషనమ్మ రెండు చేతులూ ఒళ్ళో ఉన్న డబ్బా మూత చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి.

ఇంట్లో ఎనిమిది నెలల పిల్ల. మొగుడికి పని లేదు. కారణాలు కావాలంటే బోలెడు. కాజాలక్కకూ అన్నీ ఉన్నాయి కారణాలు.

లేచిన చేతులు సగానికి చాల్లేదు. వారం తిరక్కుండా వాటిలో పదకొండు చేతుల్ని ఇంటికి పంపేశారు. కాజాలక్క తన కత్తెర తీసుకుని, మిషను మీద నూగు తుడిచి, వెళ్ళిపోయింది. పోతూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదోనని మిషనమ్మ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు.

అలాగని వాళ్ళేం విడిపోలేదు. పెళ్ళిళ్ళలో కలుసుకునేవాళ్ళు, ఆస్పత్రి వరండాల్లో కలుసుకునేవాళ్ళు. కాజాలక్క ఇంట్లోనే కూర్చుని ఊళ్ళో దర్జీలందరికీ కాజాలు వేసి పెట్టి బతికింది. ఆవిడ కళ్ళకు ఆపరేషనైతే మిషనమ్మ పళ్ళు తీసుకెళ్ళింది, మందులు తీసుకెళ్ళింది. ఆ భోజనాల గది ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఎదురెదురుగా కూర్చున్నా మధ్యలో ఆ బల్ల ఉన్నట్టే ఉండేది. మిషనమ్మకు పదవి వచ్చింది, కారు వచ్చింది, దండలు పడ్డాయి. ఆమెకు కావలసింది అవేవీ కావు. మోచేయి మోచేయికి తగులుతూ ఒకే దీపం కింద కూర్చున్న ఆ రోజులు కావాలి. అవి తిరిగి రావని తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదు కదా.

అందుకే సోమవారం నాడు గ్యాలరీ పాసు పట్టుకుని స్వయంగా వెళ్ళింది.

"గురువారం ఓటింగు అక్కా. నా నోటితో నేను అవునంటాను. నువ్వు వినాలి."

కాజాలక్క పాసును వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. "పైన ఫాన్లుంటాయా?"

"ఉంటాయి."

"అయితే వస్తాలే."

గురువారం పొద్దున మిషనమ్మ అద్దం ముందు నిలబడి "అవును" అని చెప్పుకుంటోంది. మెల్లగా అంటే వేడుకున్నట్టుంది, గట్టిగా అంటే కోప్పడినట్టుంది. ఎనిమిదోసారికి బాగానే కుదిరింది అనుకునేలోగా ఫోను మోగింది. గొడుగాయన.

గొడుగాయన అవతలి పక్షం మనిషి. ఎండైనా వానైనా చేతిలో గొడుగు లేకుండా కనబడడు. నూలు మిల్లు ఉంది. సంఘాలంటే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది ఆయనకు, ఆ సంగతి దాచుకోడు కూడా. అలాంటి మనిషితో మిషనమ్మకు 'జత' ఉంది.

జత అంటే కంగారు పడనక్కర్లేదు. అది సభలో పాత ఆచారం. ఒక పక్షం సభ్యుడికి తప్పించుకోలేని కష్టం వచ్చి రాలేకపోతే, ఎదుటి పక్షంలో ఒకరు తమ ఓటు వేయకుండా ఊరుకుంటారు. ఇటొకటి, అటొకటి తగ్గుతాయి, తూకం మారదు. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు, రికార్డుల్లో ఎక్కడా కనబడదు. ఎవరితో జత, ఎందుకు జత అన్నది పక్షాల ఓట్లు లెక్కచూసుకునే విప్పులకు తప్ప బయటివాళ్ళకు చెప్పకూడదు. మూడుముళ్ళు పడ్డ జతలు ఎన్నో విడిపోయాయి గానీ, ఆ సభలో ఈ జత ఒక్కటీ తప్పలేదని ముసలి గుమస్తా గొప్పగా చెబుతుంటాడు.

నాలుగేళ్ళ కిందట మిషనమ్మ భర్త ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, ఆమె ముఖం చూసి, అడక్కుండానే జత ఇచ్చింది ఈ గొడుగాయనే. ఆ రోజు ఓటుకు వచ్చింది మిల్లుల కరెంటు బిల్లు, ఆయన సొంత బిల్లు లాంటిది. సొంత పక్షంవాళ్ళు నానా మాటలూ అన్నారు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు క్యాంటీన్లో కూర్చుని టీ తాగాడు. భర్త పోయేటప్పుడు ఆమె పక్కనే ఉండగలిగింది.

"చెల్లెమ్మా," అన్నాడు ఫోనులో. గొంతు ఆయనది కానట్టుంది. "మీ వదిన. ఈ పూట దాటదంటున్నారు డాక్టర్లు."

"అయ్యో! అన్నయ్యగారూ, వదినకు జబ్బని ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. జుట్టంతా ఊడిపోయింది. పలకరించడానికి వచ్చి జాలిగా చూస్తారని భయం. ఇవాళ నేను రాలేను. జత అడగడానికి నోరు రావడం లేదమ్మా. ఈ బిల్లంటే నీకేమిటో నాకు తెలుసు. నువ్వు కుదరదంటే తప్పనుకోను, వచ్చి కాదని చెప్పి పరిగెత్తుకొస్తాను."

ఆమె అద్దంలో తన ముఖం చూసుకుంది. ఇందాక అవునన్న నోరే.

"రాకండి అన్నయ్యగారూ. వదిన దగ్గరే ఉండండి," అంది.

ఫోను పెట్టేసింది. పరుగున విప్పుగారి గదికి వెళ్ళింది. జత ఇంకెవరికైనా మార్చమని అడిగింది. ఆయన ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేశాడు. ఆ రోజు ఎవరి మనుషులు వాళ్ళ కోసం గ్యాలరీకి వస్తున్నారు, ఎవరూ ఒప్పుకోలేదు.

"ఎందుకమ్మా అంత బాధ? మీ ఇద్దరినీ తీసేసినా మనకు నలభై రెండు, వాళ్ళకు నలభై ఒకటి. నువ్వూ ఆయనా చెల్లుకు చెల్లు. లెక్క మారదు," అన్నాడు విప్పుగారు.

లెక్కదేముంది, అది ఎప్పుడూ మారదు. మారేది ఏమిటో ఆయనకు చెప్పినా అర్థం కాదని ఆమె ఊరుకుంది.

పోనీ ఆ సమయానికి క్యాంటీన్లో కూర్చోవచ్చు, జతలో ఉన్నవాళ్ళు చాలామంది చేసే పనే అది. కానీ కాజాలక్కను పిలిచి, పైన కూర్చోబెట్టి, తను మొహం చాటేయడమా? ఒళ్ళో డబ్బా మూత పట్టుకుని కూర్చోవడానికీ దానికీ తేడా ఏముంది? ఆమె వెళ్ళి తన కుర్చీలోనే కూర్చుంది.

గ్యాలరీ కిక్కిరిసిపోయింది. ముందు వరసలోనే ఉంది కాజాలక్క. కళ్ళజోడు జారకుండా కాజాల దారంతో కట్టుకుంది. సరిగ్గా ఫాను కింద చోటు సంపాదించుకుంది. మిషనమ్మ కనబడగానే చెయ్యి కాస్త ఊపింది.

గంట మోగింది. గుమస్తా నంబర్లు మొదలుపెట్టాడు. అవును, కాదు, అవును, అవును, కాదు. పన్నెండు అన్నాడు, గొడుగాయన కుర్చీ ఖాళీ. కుర్చీలు లేస్తున్న చప్పుడు వరసగా దగ్గరవుతోంది.

"నలభై ఏడు."

ఆమె నాలుక పళ్ళకు ఆనించి పట్టుకుంది. సభలో సగం తలలు ఇటు తిరిగాయి. గుమస్తా ఒక్క క్షణం ఆగి, నలభై ఎనిమిది అన్నాడు. ఆమె పైకి చూడలేదు. చూడకపోయినా, ఇందాక ఊపిన చెయ్యి గ్యాలరీ కమ్మీ మీద ఆగిపోయి ఉంటుందని తెలుసు.

మొదటి విడత అయ్యేసరికి విప్పుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అరవై మూడో కుర్చీ ఖాళీగా ఉంది. అది జ్వరాలాయనది, సొంత పక్షమే. ఇష్టం లేని ఓటు వచ్చినప్పుడల్లా జ్వరం తెచ్చుకునే మహానుభావుడు. ఇందాక టీ తాగి వస్తానని వెళ్ళాడట. ఆయన లేకపోతే నలభై ఒకటికి నలభై ఒకటి. సమానమైతే బిల్లు పోయినట్టే.

విప్పుగారు రెండు వరసలు దాటి ఆమె చెవి దగ్గరకు వచ్చాడు. "రెండోసారి పిలుస్తాడు. లేచి అవునను."

"జత ఉంది కదండీ."

"జతా లేదు, గితా లేదు! బిల్లు పోతోందమ్మా! నీ వాళ్ళ బిల్లు!"

"లెక్క మారదన్నారు కదా పొద్దున?"

ఆయన గిరుక్కున తిరిగాడు. నలుగురిని జ్వరాలాయన కోసం వరండాల మీదకు తోలి, తనూ పరిగెత్తాడు.

"నలభై ఏడు," రెండోసారి.

ఆమె మోకాళ్ళు వాటంతటవే కదిలాయి. ఒక్క మాటతో బిల్లు నిలబడుతుంది. వేల మంది ఆడవాళ్ళు ఒళ్ళో చేతులు దాచుకోనక్కర్లేకుండా పోతుంది. అవతల ఒక మనిషి, ఈమె మాట నమ్మి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనా వచ్చి ఉంటే కాదని అనేవాడు, తూకం అప్పుడూ ఇదే. ఆయన ఓటును ఆయన కష్టంలో ఉన్నప్పుడు దొంగిలించడం కాదా ఇది? ఎటు తిరిగినా గోడే. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. పెదవి తెగి ఉప్పగా తగిలింది.

మూడో విడతకు గుమస్తా గొంతు సవరించుకుంటుండగా తలుపు దగ్గర గలభా. ఇద్దరు సభ్యులు చెరో రెక్కా పట్టుకుని జ్వరాలాయనను నడిపించుకొస్తున్నారు. స్నానాల గదిలో దొరికాడట. పైన గ్యాలరీలో తనకు ఓట్లేసిన మిల్లువాళ్ళే పాతికమంది ఉన్నారని అప్పుడే గమనించాడు కాబోలు, ఆయన ఛాతీ విరుచుకుని, అరవై మూడు అనకముందే "అవును!" అని అరిచాడు. సభంతా నవ్వింది. గుమస్తా మాత్రం నవ్వకుండా, నంబరు పిలిచాక మళ్ళీ చెప్పమన్నాడు.

జ్వరాలాయన దొరక్కుండానే మూడో పిలుపు వచ్చి ఉంటే తను ఏం చేసేదో మిషనమ్మకు ఈ రోజుకీ తెలియదు. నిబ్బరంగా కూర్చునేదాన్నని ఆమె ఎవరికీ చెప్పదు.

కానీ మూడో పిలుపు ఆమెకు ఇంకా మిగిలే ఉంది. వరసలో నలభై ఏడు ముందు వస్తుంది. బిల్లు ఇక నెగ్గినట్టే. విప్పుగారు దూరం నుంచి నవ్వుతూ, కావాలంటే అనేయ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇప్పుడు అవునంటే ఎవరికీ నష్టం లేదు. ఇంత సంబరంలో గొడుగాయన కూడా తప్పు పట్టడు. రికార్డులో ఆమె నంబరు ఎదురుగా ఆ మాట ఉంటుంది, పైనున్న చెవుల్లో పడుతుంది. ఆమెకు ఆ మాట ఎంత కావాలనిపించిందంటే, గొంతులో అది కదలడం తెలిసింది.

"నలభై ఏడు. ఆఖరి పిలుపు."

ఆమె పలకలేదు.

బిల్లు నెగ్గింది. గ్యాలరీలో జనం ఒకరినొకరు కౌగిలించుకున్నారు, ఈలలు వేశారు, సభాపతి సుత్తితో బల్ల ఎంత బాదినా వినలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఊహించుకున్న గోల అచ్చం అలాగే ఉంది. అందులో ఆమె మాత్రం లేదు. పైకి చూసేసరికి ఫాను కింద కుర్చీ ఖాళీగా ఉంది.

మెట్లు దిగుతుంటే ఫోనులో గొడుగాయన మాటలు కనబడ్డాయి. 'వెళ్ళిపోయింది చెల్లెమ్మా. చెయ్యి నా చేతిలోనే ఉంది.' ఆమె గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చింది. అటుగా పోతున్నవాళ్ళు అది ఆనందబాష్పాలనుకుని అభినందనలు చెప్పిపోయారు.

కారును పంపేసి, గేటు దాటి పరుగులాంటి నడక నడిచింది. కాజాలక్క బస్టాపులో నిలబడి ఉంది. సాయంత్రపు ఎండ రోడ్డంతా పరుచుకుని ఉంది. ఆఫీసులు వదిలే వేళ, బస్సులన్నీ నిండుగా వస్తున్నాయి. మిషనమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు.

"ఫాన్లు బాగానే తిరుగుతున్నాయి," అంది కాజాలక్క.

"బిల్లు నెగ్గింది కదక్కా."

"నెగ్గింది. నాకూ చెవులున్నాయి. నిన్ను మూడుసార్లు పిలిచాడు. అదీ విన్నాను."

"ఒకరికి మాటిచ్చాను. పలకనని. ఎవరికి, ఎందుకు అని అడక్కు, చెప్పకూడదు."

"అడగనులే." ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఆవిడ ఎక్కలేదు. "ఆ రోజు కూడా ఎవరికైనా మాటిచ్చావా?"

ఏ రోజని మిషనమ్మ అడగలేదు. పిల్ల, మొగుడు, అద్దె, అన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. ఇన్నేళ్ళూ తనకు తను చెప్పుకున్నవే అవి.

"లేదక్కా. ఆ రోజు భయపడ్డాను. పిల్ల కోసమని అనుకుంటూ వచ్చాను గానీ, అది అబద్ధం. పిల్ల అప్పుడు గుర్తే రాలేదు. మేనేజరు నా మొహం చూస్తున్నాడని భయం. నీ చెయ్యి కనబడుతూనే ఉంది. నువ్వు నా వైపు చూడటమూ తెలుసు. తెలిసే తల దించుకున్నాను."

కాజాలక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. దారం మెడలో వేలాడుతోంది.

"ఈ ముక్క కోసం ఎన్నాళ్ళు చూశాననుకున్నావే?" అంది. "నువ్వొచ్చిన ప్రతిసారీ ఇవాళంటుంది, ఇవాళంటుంది అని చూశాను. నువ్వేమో సంచీ నిండా పళ్ళు తెచ్చి పెట్టి పోయేదానివి. ఎవడిక్కావాలే నీ పళ్ళు? ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి చూసుకున్నాను. పక్కన కూర్చునే మనిషి పోయింది. దాన్నెక్కడ చూసుకోను?"

మిషనమ్మకు నోట మాట రాలేదు. సభలో రాకపోవడం వేరు, ఇది వేరు. వెక్కిళ్ళు మాత్రం వచ్చాయి.

కాజాలక్క కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ సాగదీసి, ఆ పాత సూపర్‌వైజరు గొంతు అచ్చం దింపేస్తూ, రోడ్డు అదిరిపోయేలా అరిచింది.

"పదిహేడూ!"

మిషనమ్మ చెయ్యి లేచింది. ఆలోచించి ఎత్తింది కాదు, దానంతటదే నిటారుగా లేచింది. అంతలో అటుగా వస్తున్న బస్సు కీచుమని బ్రేకు వేసి వాళ్ళ ముందే ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఎక్కండి మరి! చెయ్యెత్తారుగా?"

"నీ కోసం కాదు నాయనా," అంది కాజాలక్క, తన మోచేతిని మిషనమ్మ మోచేతికి ఆనించి నిలబడి. "అది ఇరవై ఆరేళ్ళ కిందట ఎత్తాల్సింది. కాసేపు ఉండనీ."